పంచదార లేని మూడేళ్లు

ఇంకొల్లు,
8 జులై 2000

ఒరేయ్ బాషా,

ప్రాణంతోనే ఇల్లు చేరాను. గుంటూరులో నీ పురుగుమందుల కొట్టు మూసుకుని నా వెంట ఆసుపత్రుల చుట్టూ తిరిగావు. అందుకు నీకు దణ్ణం పెట్టాలి. కానీ బస్సు ఎక్కించేటప్పుడు నువ్వన్న మాటతో ఆ దణ్ణం చెల్లయిపోయింది. "అరవై రెండేళ్లొచ్చినయ్, ఇంక వాటితో ఏం పనిరా నీకు, తీయించి పారెయ్" అన్నావు. పక్కనే ఉన్న కండక్టరు విని కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి, ఇది ప్రోస్టేటు గ్రంథి, ఇక్కడ కేన్సరు, ఇదుగో వెన్నెముక దాకా పాకింది, రెండు వృషణాలూ తీసేస్తే దానికి తిండి ఉండదు, చాలాకాలం అణిగి ఉంటుంది అని చెబుతుంటే నాకు బొమ్మ కనపడలేదు. మా కోడె కనపడింది. నీకూ గుర్తుండాలి. మా నాన్న దానికి విత్తులు నొక్కించిన రోజున కాళ్లు అదిమి పట్టుకున్నది మనిద్దరమే. ముందురోజు దాకా ఊరు దద్దరిల్లేలా రంకె వేసింది, మర్నాడు కుడితి తొట్టి దగ్గర తల వంచుకుని నిలబడింది. ఆ తర్వాత ముల్లుగర్రతో పొడిచినా తల తిప్పి చూడలేదు. నేను అలా నిలబడను బాషా. నెలనెలా వేసే ఇంజెక్షను కూడా చివరికి ఆ పనే చేస్తుందట, అదీ వద్దు. మాత్రలతో ఎన్నాళ్లు నడిస్తే అన్నాళ్లు నడుస్తాను.

ఇంట్లో షుగరు వచ్చిందని చెప్పాను. మాటిమాటికీ ఒంటేలుకి లేవడం, ఒళ్లు లాగేయడం రెండూ షుగరుకి సరిపోయాయి. వెంకటరావమ్మ ఇట్టే నమ్మింది. ఆమెకు తెలిస్తే ఆపరేషను చేయించుకోమని ఏడుస్తుంది, లేదా చేయించుకున్నాక నన్ను జాలిగా చూస్తుంది. రెండూ నాకు పడవు. నువ్వూ షుగరనే చెప్పాలి. నాకు మాటివ్వు.

ఫోను నట్టింట్లో ఉంది, ఈ సంగతులు అందులో మాట్లాడేవి కావు. ఉత్తరమే రాయి. మన పోస్టుమాను క్రీస్తుదాసు చేలోకి తెచ్చి నా చేతికే ఇస్తానన్నాడు. మాత్రలు నెలకోసారి బస్సు డ్రైవరు చేత పంపు.

పేరయ్య

*

గుంటూరు, బ్రాడీపేట,
16 జులై 2000

ఏరా పేరయ్యా,

మాత్రలు పంపాను. పైన "షుగరు" అని రాసిన కవర్లో పెట్టమన్నావు, పెట్టాను. ముప్పై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నాను గానీ ఒక మందు మీద ఇంకో మందు పేరు ఎప్పుడూ అంటించలేదు. ఆ పుణ్యం నీ వల్ల దక్కింది.

నిన్న మళ్లీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. మాత్రలతో సరిపెట్టుకుంటానంటున్నాడండీ అని చెబితే ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత విడమరిచి చెప్పారు. మన ఒంట్లో ఊరే మగ హార్మోనే ఆ కేన్సరుకి తిండి. ఆపరేషను చేస్తే తిండి పండే చేనే ఉండదు. మాత్ర వేసుకుంటే చేను పండుతూనే ఉంటుంది, మాత్ర పోయి కేన్సరు కణం నోటికి అడ్డం పడుకుంటుంది, అంతే. "పనిచేస్తుంది, కానీ దానికంటే ఇది బలహీనం. పైగా ఎప్పుడో ఒకప్పుడు ఆ కణాలు దీన్ని దాటడం నేర్చుకుంటాయి. అప్పుడైనా ఆపరేషనుకి ఒప్పించండి" అన్నారు.

ఆ కోడె సంగతి నాకూ గుర్తే. దాని కాళ్లు పట్టుకున్నప్పుడు ఏడ్చింది నేను, నువ్వు కాదు. ఆ తర్వాత అది పన్నెండేళ్లు మీ ఇంట్లో అరక దున్నింది. అది నీకు గుర్తు లేదు.

సరే, మాటిస్తున్నాను. చెల్లెమ్మకి షుగరనే చెబుతాను. ఇది నాకు నచ్చి చేస్తున్న పని మాత్రం కాదు.

జాన్ బాషా

*

ఇంకొల్లు,
10 జనవరి 2001

ఒరేయ్ బాషా,

నీ డాక్టరు గారికి ఈ ఉత్తరం చదివి వినిపించు. రక్తంలో కేన్సరు జోరు చెప్పే ఆ పీఎస్ఏ అంకె తొంభై దాటింది కాస్తా రెండుకి దిగింది. నడుము నొప్పి లేదు. పొద్దున్నే లేచి మిరప కల్లం దాకా నడిచి వెళ్లి కాయలు ఎండబోయించి వస్తున్నాను. బలహీనం అన్నారే, ఇదేనా బలహీనం? నవ్విన నాపచేనే పండుతుందన్నారు.

ఇంకొక సంగతి ఉంది. నవ్వావంటే చంపుతాను. రెండు నెలల నుంచి రొమ్ములు సలుపుతున్నాయి. వాచాయి కూడా. చొక్కా తగిలితే ఓర్చుకోలేకపోతున్నాను. కల్లంలో కూలీ ఆడవాళ్ల ముందు తుండుగుడ్డ కప్పుకుని తిరుగుతున్నాను. మగాడిగా ఉందామని మాత్రలు మింగితే నాకు వచ్చింది ఇది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట.

మొన్న రంజానుకి నువ్వు తెచ్చిన షీర్ ఖుర్మా పాయసం సంగతి కూడా రాయాలి. ఆ వాసన గుమ్మంలోకి రాగానే నా ప్రాణం లేచి వచ్చింది. మీ అమ్మ కాచిన నాటి నుంచి ఏటా తాగుతున్నదే కదా. నేను గిన్నె అందుకున్నానో లేదో వెంకటరావమ్మ లాక్కుంది. "షుగరు మనిషికి ఇదేంటి అన్నయ్యగారూ" అంది. నువ్వు నా మొహం చూసి, నేల చూసి, "అవునమ్మా, మంచిది కాదు" అన్నావు. నీ నోట్లో పురుగులు పడ! ఒక్క గుక్కకి ఏం కాదమ్మా అని ఉంటే నీ సొమ్మేం పోయేది?

కాఫీలో పంచదార లేదు. రాత్రి అన్నం లేదు, జొన్నరొట్టే. మామిడిపండు కాలం వస్తే అదీ లేదంటుంది. నేను చెప్పిన అబద్ధానికి నా నాలుక జరిమానా కడుతోంది.

పేరయ్య

*

గుంటూరు,
2 ఫిబ్రవరి 2001

పేరయ్యా,

నవ్వాను. చాలాసేపు నవ్వాను. నవ్వి నవ్వి, మా ఇంట్లో మాబూబీ ఎందుకని అడిగితే చెప్పలేక బయటికొచ్చేశాను.

రొమ్ముల సంగతి డాక్టరు గారికి చెప్పాను. ఆ మాత్రల గుణమే అదట. ఆపరేషను చేయించుకున్నా కొందరికి కాస్త వస్తుందట గానీ ఇంత కాదట. నువ్వు దేనికి భయపడి పారిపోయావో అది వేరే దారిలో నీ చొక్కాలోకే వచ్చి కూర్చుంది.

షీర్ ఖుర్మా సంగతికి వస్తే, అబద్ధం నీది, సాక్ష్యం నాది. అబద్ధం చెప్పినవాడికి సాక్షి మీద కోపం రాకూడదు. ఆ గిన్నె తిరిగి తెచ్చుకుంటుంటే ఎంత బరువనిపించిందో నీకు తెలియదు. ఒక్క పని చెయ్యి. అంకె రెండుకి దిగింది కదా, ఇప్పుడైనా ఆమెకు నిజం చెప్పు. మంచి కబురుతో కలిపి చెబితే చెడ్డ కబురు గొంతు దిగుతుంది.

బాషా

*

ఇంకొల్లు,
20 అక్టోబరు 2002

బాషా,

నువ్వు పంపిన రిపోర్టు అందింది. రెండు దాటని అంకె ఉగాదికి నాలుగయింది, వినాయక చవితికి తొమ్మిదయింది. ఇప్పుడు ఇరవై. మాత్ర ఒక్కరోజు మానలేదు. ఉపవాసం ఉన్న రోజు కూడా వేసుకున్నాను.

ఇది నాకు తెలిసిన కథే. తొంభై ఏడులో పత్తి చేలో జరిగిందీ ఇదే. మొదట్లో మూతెడు మందు కలిపి కొడితే శనగపచ్చ పురుగు రాలి కిందపడేది. తర్వాత రెండు మూతలు కావాల్సి వచ్చింది. ఆఖరికి నాలుగు మందులు ఒకే డబ్బాలో కలిపి కొట్టినా అది కాయలో తల దూర్చి హాయిగా తింటూనే ఉంది. నీ కొట్లో నిలబడి ఏం చెయ్యాలిరా అని అడిగితే "డోసు పెంచు" అన్నావు. పెంచాను. నవంబరులో చేను దున్నేశాను. పక్క చేను యలమంద దున్నలేక ఆ మందే తాగాడు. పురుగుని చంపలేని మందు వాడిని మాత్రం చంపింది.

నేను ఆ మాట ఇన్నాళ్లూ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాను. పత్తికి చెప్పిన నోటితో నాకూ చెప్పు. డాక్టరు గారితో మాట్లాడి డోసు పెంచించు.

పేరయ్య

*

గుంటూరు,
4 నవంబరు 2002

పేరయ్యా,

యలమంద పేరు ఎత్తావు. వాడి దినానికి నేనూ వచ్చాను. వాడి అన్న అందరి ముందూ నా చొక్కా పట్టుకున్నాడు, నువ్వు అరుగు మీద కూర్చుని చూశావు. ఆ ఏడాది నా కొట్టుకి వచ్చి "ఇంకా గట్టిది లేదా" అని అడగని రైతు ఒక్కడి పేరు చెప్పు. నేను వద్దంటే పక్క కొట్టుకి పోయేవాడివి. అడిగినవాడిది తప్పు కాదట, అమ్మినవాడిదే తప్పట. బాగుందిరా న్యాయం.

ఇక నీ రోగం. డోసు పెంచకూడదు. ఈ మాట నాది కాదు, డాక్టరు గారిది, కింద గీత గీసి రాస్తున్నాను అనుకో. ఆయన చెప్పింది విను. నీ ఒంట్లో మొదట్నుంచీ అన్ని కణాలూ ఒక్కలా లేవు. మాత్రకి లొంగేవి రెండేళ్లలో లొంగిపోయాయి. లొంగనివి నాలుగో ఐదో అప్పుడే ఉన్నాయి, అవి పిల్లలు పెట్టాయి. ఇప్పుడున్నవన్నీ వాటి సంతానం. కొన్ని ఒక నోటికి బదులు పది నోళ్లు పెంచుకున్నాయి, ఎంత మాత్ర వేసినా ఏదో ఒక నోరు తెరుచుకునే ఉంటుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు కదా, అదే ఇది.

కానీ వాటికి తిండి మాత్రం ఇంకా ఆ హార్మోనే. ఇప్పటికీ ఆపరేషనుకి దారి ఉంది అన్నారాయన. నీ అదృష్టం ఏమిటంటే పత్తికి లేని దారి నీకు ఉంది. అరగంట పనిరా. మర్నాడు ఇంటికి పోవచ్చు. వచ్చే వారం రా, నేను బస్టాండులో ఉంటాను.

బాషా

*

ఇంకొల్లు,
3 మార్చి 2003

బాషా,

మొన్న తీయించిన రక్తం రిపోర్టు నీకు వచ్చే ఉంటుంది. అరవై ఎనిమిది. నడుము మళ్లీ పట్టుకుంది. రాత్రి ఎడమ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నాను.

ఎలాగూ తెలుస్తుంది కాబట్టి నేనే చెబుతున్నాను. దసరా దాటిన దగ్గర్నుంచి రెండేసి మాత్రలు వేసుకుంటున్నాను. నువ్వు పంపేది ఒకటి, చీరాల నుంచి తెప్పించుకునేది ఒకటి. ఎవరు తెస్తున్నారో నీకు అనవసరం. పురుగు లొంగకపోతే మందు పెంచాలి. నలభై ఏళ్లు వ్యవసాయం చేసినవాడికి ఇంకో దారి తెలియదు.

ఎందుకు తగ్గలేదో కనుక్కుని రాయి. ఉపన్యాసం మాత్రం వద్దు.

పేరయ్య

*

గుంటూరు,
11 మార్చి 2003

ఓరి దరిద్రుడా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను.

మాత్రలు ఆపెయ్. ఈ ఉత్తరం చేతికి అందిన క్షణం నుంచి ఒక్కటి కూడా వెయ్యకు. రెండేసి వేసుకున్నావని చెప్పగానే డాక్టరు గారు నుదురు కొట్టుకున్నారు. నువ్వు చేసిన ఘనకార్యం ఏమిటో చెబుతాను విను. ఆ కణాల్లో కొన్ని తమ నోటి ఆకారాన్నే మార్చేసుకుంటాయట. అప్పుడు ఇన్నాళ్లూ నోటికి అడ్డం పడుకున్న మాత్రే వాటికి తిండి అయిపోతుందట. ఆయన నీలాంటి వాళ్లని ఇంతకుముందూ చూశారట, నీ అంకెలు ఎక్కిన తీరు చూస్తే ఇదీ అదేననిపిస్తోంది అన్నారు. ఈ అయిదు నెలలూ నువ్వు దాన్ని చంపుతున్నానని రోజూ రెండు పూటలా దానికి అన్నం పెట్టావురా. మన పత్తి పురుగు మందుకి అలవాటు పడింది గానీ మందునే తిని బతకలేదు. నీది అంతకంటే ముదురు.

"డోసు పెంచకూడదు" అని నవంబరులోనే రాశాను. నీకు డోసు రెట్టింపు చెయ్యడం తెలుసు గానీ ఉత్తరం రెండోసారి చదవడం తెలియదు.

మాత్రలు ఆపి, ఆపరేషనుకి రా. రెండూ. ఒకటి చేసి రెండోది మానేయకు.

బాషా

*

ఇంకొల్లు,
8 జూన్ 2003

ఒరేయ్ బాషా,

ఇప్పుడు ఏమంటావు? మాత్రలు ఆపాను. అంకె అరవై ఎనిమిది నుంచి ఇరవై ఆరుకి పడిపోయింది. నడుము నొప్పి సగం తగ్గింది. రొమ్ముల సలుపు కూడా పోయింది. నిన్న ట్రాక్టరు మీద కూర్చుని పర్చూరు దాకా వెళ్లి విత్తనాలు తెచ్చుకున్నాను.

మందు ఆపితే తగ్గే రోగానికి ఆపరేషను ఎందుకురా? పొట్టకోసేవాళ్లు ఒకరు, వాళ్లకి బేరం తెచ్చేవాడివి నువ్వొకడివి. ఆరోజు నీ మాట విని ఉంటే ఈపాటికి కుడితి తొట్టి దగ్గర ఉండేవాడిని.

పేరయ్య

*

గుంటూరు,
17 జూన్ 2003

పేరయ్యా,

నేను భయపడింది ఇదే. ఆపితే తగ్గవచ్చు అని డాక్టరు గారు మార్చిలోనే చెప్పారు. అందరికీ తగ్గదు, తగ్గినవాళ్లకి నాలుగు నెలలు, మహా అయితే ఆరు నెలలు. తిండి అనుకున్న మాత్ర ఆగింది కాబట్టి గడ్డ కాస్త డీలా పడింది, అంతే. నీ ఒంట్లో హార్మోను ఊరుతూనే ఉంది, అది దాన్ని వెతుక్కుంటుంది. ఈ మాట నీకు నేను రాయలేదు. రాస్తే ఆశ పెట్టుకుని ఆపరేషను మానేస్తావని రాయలేదు. రాయకపోయినా మానేశావు.

ఈ నాలుగు నెలలూ నీకు దొరికిన సందు. ఇప్పుడు చేయిస్తే వెన్నెముక నిలుస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

నువ్వు కాపాడుకుంటున్న మగతనం ఎవరికి కావాలిరా? ఊరికా, పొలానికా? నెలాఖరులోగా నువ్వు రాకపోతే నేనే ఇంకొల్లు వచ్చి చెల్లెమ్మకి అంతా చెబుతాను. ఇచ్చిన మాట గంగలో కలిసినా ఫరవాలేదు.

బాషా

*

ఇంకొల్లు,
23 జూన్ 2003

జాన్ బాషాకు,

నా గడప తొక్కి ఆ మాట చెప్పిన రోజున, నీకూ నాకూ మధ్య యాభై ఏళ్లుగా ఉన్నది ఏమీ లేదనుకుంటాను. నా శవం మీదికి కూడా రావద్దు.

పేరయ్య

*

గుంటూరు,
10 మార్చి 2004

చెల్లెమ్మ వెంకటరావమ్మకు,

పేరయ్య పెద్దకర్మకి వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి రాయాలనుకుంటూనే ఉన్నాను. ఆ రోజు నువ్వు అందరితో మాట్లాడావు, నాతో మాట్లాడలేదు. ఆగస్టులో గడ్డ వెన్నుని నొక్కి వాడి కాళ్లు పడిపోయి ఆసుపత్రికి తెచ్చినప్పుడూ మాట్లాడలేదు. రాత్రికి రాత్రి ఆ ఆపరేషను చేసినా, వెన్నుకి రేడియేషను కరెంటు పెట్టినా కాళ్లు తిరిగి రాలేదు. ఆపరేషను తర్వాత మూడు నెలలు అణిగిన గడ్డ, హార్మోను చుక్క లేని ఒంట్లో కూడా బతకడం నేర్చుకుని మళ్లీ లేచింది. ఇందులో డాక్టర్ల లోపం లేదమ్మా.

నా సంగతి కూడా నువ్వు అర్థం చేసుకోవాలి. వాడు నా దగ్గర మాట తీసుకున్నాడు. జూన్‌లో చెబుతానని బెదిరించాను, వాడు శవం మీదికి రావద్దన్నాడు. స్నేహితుడి మాట దాటలేకపోయాను. నాకు తెలిసినంతలో వాడు నీ కోసమే దాచాడు, నువ్వు బాధపడకూడదని.

నీకు ఏ అవసరం వచ్చినా గుంటూరులో అన్న ఒకడు ఉన్నాడనుకో.

జాన్ బాషా

*

ఇంకొల్లు,
21 మార్చి 2004

బాషా అన్నయ్యగారికి,

మీ ఉత్తరం క్రీస్తుదాసు తెచ్చాడు. అలవాటు కొద్దీ సైకిలు చేల వైపు తిప్పి, గుర్తొచ్చి వెనక్కి వచ్చాడట. మొహం ఎత్తకుండా ఇచ్చి వెళ్లాడు. మూడేళ్లు నా ఇంటి ఉత్తరాలు నా గుమ్మం దాటి వెళ్లాయని ఆ రోజే తెలిసింది నాకు. ఎనిమిదో తరగతి చదివినదాన్ని, నాకూ చదవడం వచ్చండి.

ఆసుపత్రిలో మీతో మాట్లాడకపోవడం కోపం వల్లే. మాట్లాడితే అరిచేదాన్ని. అక్కడేం జరిగిందో మీకు తెలియదు, మీరు రక్తం కోసం వెళ్లారు. డాక్టరు గారు మాత్రల అట్ట చూపించి "దసరా నుంచి రెండేసి ఎవరిచ్చారమ్మా?" అని అడిగారు. "నేనేనండీ" అన్నాను గొప్పగా. చీరాల నుంచి తెచ్చింది నేనే. వాడరేవులో మా అక్క సుబ్బరావమ్మ ఇంటికి వెళ్లినప్పుడల్లా, ఆయన ఇచ్చిన ఖాళీ అట్ట చూపించి కొనుక్కొచ్చేదాన్ని. షుగరు పెరిగిందే, రెండేసి వేసుకోమన్నారు అని చెప్పారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మజ్జిగ గ్లాసుతో కలిపి నా చేత్తో ఇచ్చాను. ఆయన బద్ధకించిన రోజున నేనే కసిరి వేయించాను.

డాక్టరు గారు అట్ట తిప్పి మందు పేరు మీద వేలు పెట్టారు. తర్వాత "ఇవి షుగరువి కావమ్మా" అన్నారు.

అవి ఆ కేన్సరుకే అన్నం పెట్టాయని కూడా ఆయనే చెప్పారు. నేను అడిగాను కాబట్టి చెప్పారు. అడిగితే నాకూ అర్థమవుతుందండి. మొదటి రోజే మీ ఇద్దరిలో ఒకరు చెప్పి ఉంటే ఆ అట్ట నా చేతిలో ఉండేది కాదు. నాకు తెలియకుండా దాచారు సరే, ఆ పని నా చేత ఎందుకు చేయించారు?

నా కోసమే దాచాడని రాశారు. రాయకూడని మాట రాస్తున్నాను, ఆడదాన్ని అనుకోకండి. మా అమ్మాయి శ్రీరమ్య పెళ్లయి మంగళగిరి వెళ్లిన ఏడాది నుంచి ఆయన మంచం వసారాలో, నా మంచం వంటింటి పక్క గదిలో. నేనే వేయించాను. పదకొండేళ్లయింది. ఆయన నన్ను తిట్టకుండా, పక్కన కూర్చుని వక్కలు కత్తిరించి పెడుతూ, చెరువు నిండిందా, మిరపకి బూడిద తెగులు వచ్చిందా అని మాట్లాడితే చాలనుకున్నాను. నాకు కావలసింది అది. ఆపరేషను చేసినా అది ఎక్కడికీ పోదు కదండీ. మీరిద్దరూ కోడె అని, ఎద్దు అని మూడేళ్లు మాట్లాడుకున్నారట, ఆఖరి రోజుల్లో ఆయనే చెప్పారు. ఒక్కసారి నన్ను పిలిచి "నీకు ఏం కావాలే?" అని అడగడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

మాట దాటలేకపోయానని రాశారు. ఆయన బతికుండగా ఆ మాట నిలబెట్టుకున్నారు. స్నేహం కోసం నిలబెట్టుకున్నారో, ఆయన తిడతాడని నిలబెట్టుకున్నారో నాకు అనవసరం. జూన్‌లో మీరు వచ్చి చెప్పి ఉంటే ఆయన మిమ్మల్ని గెంటేవారు. నేను మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని గుంటూరు బస్సు ఎక్కించేదాన్ని. కాళ్లతో నడిచి ఎక్కేవారు.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున్నే చిక్కటి పాలతో కాఫీ కలిపాను. మూడు చెంచాల పంచదార వేశాను. ఆయనకి అలాగే ఇష్టం, పెళ్లయిన కొత్తలో నాలుగు వేసేదాన్ని. తల ఎత్తి పట్టుకుని తాగించాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. "ఏంటే ఇది, ఇంత తీపి" అన్నారు. ఇంకో గుక్క మింగలేకపోయారు. మూడేళ్లు చప్పగా తాగి తాగి నాలుక మరిచిపోయింది. అప్పుడు ఏడ్చారు. కాళ్లు పోయినప్పుడు ఏడవలేదు, ఆపరేషనప్పుడు ఏడవలేదు, ఆ కాఫీ దగ్గర చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను ఓదార్చలేదు. ఆ గ్లాసు నేనే తాగేద్దామనుకున్నాను. నాకూ దిగలేదు. ఆయనకి తోడుగా నేనూ మానేశాను కదా, ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. నేను దాచింది ఇదొక్కటే.

ఒకసారి మా గుమ్మంలో షీర్ ఖుర్మా గిన్నె ఆయన చేతిలోంచి లాక్కున్నాను. మీరు చూస్తూ నిలబడ్డారు. "అవునమ్మా, మంచిది కాదు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ వినపడుతోంది అన్నయ్యగారూ.

వచ్చే పండక్కి ఎప్పటిలాగే తీసుకురండి. వసారాలో మంచం తీయలేదు, అక్కడే కూర్చుందురుగాని. మీ ఎదుటే తాగుతాను. దిగకపోయినా తాగుతాను. మా ఇంట్లో ఎవరికీ షుగరు లేదు. ఎప్పుడూ లేదు.

వెంకటరావమ్మ